నామినీ అంటే వారిస్ కాదు

(సొసైటీ వార్షిక సభలో ఒక విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)





'మన పిల్లలకు ఇంగ్లీషు ఎందుకు రావడం లేదు' అన్న విషయం మీద మాట్లాడమని కార్యదర్శి గారు అడిగారు. ముప్పై ఏళ్లకు పైగా ఉర్దూ మీడియం పిల్లలకు ఇంగ్లీషు చెప్పినదాన్ని. ఆ విషయం ఎత్తుకుంటే రెండు గంటలు పడుతుంది, చివరకు తప్పంతా పిల్లల మీదికి తోసి అందరం ఇంటికి పోతాం. అందుకే, ఇంగ్లీషు మొత్తం వద్దు, ఒక్క మాట గురించి చెబుతానన్నాను. అది మీ అందరి ఇళ్లలో ఉన్న మాటే. బీరువా తీసి బ్యాంకు పాస్‌బుక్కు, బీమా బాండు చూడండి, దొరుకుతుంది. ఆ మాట నామినీ.

ఈ మాటకు అర్థం నేనే ఒకసారి తప్పు చెప్పాను. ఇంగ్లీషు టీచరు అయి ఉండి తప్పు చెప్పాను. ముందు అది ఒప్పుకుంటాను.

మా వీధిలో ఒక లారీ మెకానిక్ ఉండేవాడు. పాత బండిలో తన భాగం అమ్మితే తొంభై ఆరు వేలు వచ్చాయి. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేద్దామని ఫారం తెచ్చుకుని, సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. "ఆపా, ఈ నామినీ ఏమిటి?" అని అడిగాడు. నేను పొయ్యి మీద కూర చూసుకుంటూ, వెనక్కి తిరగకుండానే, "వారిస్ కా నామ్ లిఖో" అన్నాను. అంతే. మూడు సెకన్ల పని. ఆయన కొంచెం ఆలోచించి తన అన్న పేరు రాయించాడు. భార్యకు సంతకం రాదు, పిల్లలు చిన్నవాళ్లు, అన్న ఊళ్లో నలుగురూ మెచ్చే మనిషి. కారణం సబబుగానే ఉంది.

మూడేళ్ల తర్వాత ఆ మెకానిక్ పోయాడు. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. బ్యాంకు వాళ్లు నామినీని పిలిచి డబ్బు ఇచ్చారు. అన్న తీసుకున్నాడు, తన ఇంటి రేకులు తీయించి స్లాబు వేయించాడు. మరదలు అడిగితే ఆయన మోసగాడిలా మాట్లాడలేదు. "తమ్ముడు నన్ను వారిస్‌గా రాశాడమ్మా, కాగితం ఉంది. టీచరమ్మ దగ్గరే రాయించాడు, పోయి అడుగు" అన్నాడు. ఆమె వచ్చి అడిగింది. ఆ రోజు నా నోట మాట రాలేదు.

ఇక మాట సంగతి చూద్దాం. ఇంగ్లీషు క్లాసులో నేను పిల్లలకు నేర్పే మొదటి కిటుకు, మాట తోక చూడమని. ఎంప్లాయీ, ట్రైనీ, పేయీ, ట్రస్టీ, నామినీ. అన్నిటి చివరా ఒకే తోక. ఆ తోక ఉన్న మనిషి సాధారణంగా పని చేసేవాడు కాదు, పని ఎవరి మీద జరుగుతుందో ఆ మనిషి. ఎంప్లాయర్ పని ఇస్తాడు, ఎంప్లాయీ పని పొందుతాడు. ట్రైనర్ నేర్పుతాడు, ట్రైనీ నేర్చుకుంటాడు. అలాగే ఒకరు పేరు చెబుతారు, ఎవరి పేరు చెప్పబడిందో ఆయన నామినీ. ఈ మాటలో ఉన్నది అంతే, పేరు చెప్పబడిన మనిషి అని. ఆస్తి అన్న అర్థం గానీ, హక్కు అన్న అర్థం గానీ ఆ అక్షరాల్లో ఎక్కడా లేదు.

తల సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఇంగ్లీషు మాట లాటిన్‌లోని 'నోమెన్' నుంచి వచ్చింది, అంటే పేరు. ఫార్సీలో 'నామ్'. సంస్కృతంలో 'నామన్', అక్కడి నుంచి మన తెలుగు 'నామం'. ఇవన్నీ ఒకే తల్లి బిడ్డలని భాషా శాస్త్రవేత్తలు చెబుతారు. కాబట్టి ఉర్దూ వాళ్లకు గానీ తెలుగు వాళ్లకు గానీ ఈ మాట పరాయిది కాదు, దూరపు చుట్టం. బడిలో పదో తరగతి నామినల్ రోల్స్ అంటాం కదా, పిల్లల పేర్ల పట్టీ. సర్పంచ్ ఎలక్షన్‌కు నామినేషన్ వేస్తారు, పేరు ఇస్తారు. నామినేషన్ వేసినవాడల్లా సర్పంచ్ అవుతాడా? పేరు ఇవ్వడం వేరు, కుర్చీ దక్కడం వేరు. ఇది మన ఊళ్లలో అందరికీ తెలుసు. బ్యాంకులోకి అడుగు పెట్టగానే మరిచిపోతాం.

ఉర్దూలో నామినీకి 'నామ్‌జద్' అని మంచి మాటే ఉంది. ఉర్దూ పత్రికలు చదివేవాళ్లకు 'నామ్‌జద్ ఉమ్మీద్వార్' తెలుసు. మరి ఆ రోజు నా నోటికి నామ్‌జద్ రాకుండా వారిస్ ఎందుకు వచ్చింది? చాలా కాలం ఆలోచించాను. నామ్‌జద్ పత్రికల మాట, మన ఇళ్లలో తిరగదు. వారిస్ మాత్రం రోజూ వినే మాట. ఈ జిల్లాల్లో అయితే మరీ. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ సంస్థానాలు నిజాం రాజ్యం కింద ఉన్న కాలం నుంచీ ఇక్కడి రెవెన్యూ మాటలు ఉర్దూ, ఫార్సీవే. ఈనాటికీ తండ్రి పోయాక భూమి పిల్లల పేరు మీదికి మార్చడాన్ని మన ఊళ్లలో తెలుగు రైతు కూడా 'విరాసత్' అనే అంటాడు, 'ఫౌతి' అంటాడు. మనిషి పోయాడు, కాగితం మారాలి, ఎవరి పేరుకు? వారిస్ పేరుకు. ఆ అలవాటుతో బ్యాంకు ఫారంలో పేరు అడిగితే కూడా వారిసే అనుకుంటాం. తహసీల్ ఆఫీసు మాటను బ్యాంకు ఫారంలో పెట్టాను, అక్కడే దెబ్బతిన్నాను.

ఒక మాటను ఒక భాష నుంచి ఇంకో భాషలోకి తేవడం మూడు సెకన్ల పని కాదని మన హైదరాబాద్ పెద్దలకు తెలుసు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువంతా ఉర్దూలో సాగించాలని నిర్ణయించినప్పుడు, 1919లో తరగతులు మొదలు కాకముందే, 1917లోనే దారుత్తర్జుమా పెట్టారు. అనువాదాల కార్యాలయం. దానికి మౌల్వీ అబ్దుల్ హక్ పెద్ద. ఇంగ్లీషు మాట ఒక్కొక్కటి ముందు పెట్టుకుని, దానికి ఏ ఉర్దూ మాట నిలుస్తుందో, అరబ్బీ నుంచి తేవాలా, ఇంట్లో మాటే సరిపోతుందా అని పండితులు వాదించుకునేవారు. మాటలు పుట్టించే పద్ధతి మీద వహీదుద్దీన్ సలీం ఏకంగా ఒక పుస్తకమే రాశారు. అబ్దుల్ హక్ గారి ఇంగ్లీషు ఉర్దూ నిఘంటువు 1937లో అచ్చయింది. పండితులు గుంపుగా కూర్చుని చేసిన పనిని నేను కూర కలుపుతూ చేశాను.

సరే, వారిస్ కాకపోతే ఏం చెప్పాలి? 'అమీన్' అందామని చూశాను. అరబ్బీలో చక్కటి మాట, నమ్మకంగా దాచేవాడు అని. కానీ మా వీధిలో ఒక నానీమా విని ఉలిక్కిపడింది. నిజాం కాలంలో అమీన్ అంటే పోలీసు అధికారి. ఆమె చిన్నప్పుడు అమీన్ వస్తే జనం తలుపులు వేసుకునేవారట. చివరికి నాకు కుదిరిన మాట 'అమానత్‌దార్'. అమానత్ అంటే చదువురాని అమ్మకు కూడా తెలుసు. పక్కింటావిడ ఊరికి పోతూ గొలుసు నీ చేతిలో పెట్టి పోతే అది అమానత్. నీ పెట్టెలో ఉంది, తాళం నీ కొంగున ఉంది, గొలుసు మాత్రం నీది కాదు.

దాతలైన మీకు ఇంకా సులువుగా చెబుతాను. రంజాన్‌లో మీరు జకాత్ తెచ్చి మన సొసైటీ కోశాధికారి చేతికి ఇస్తారు. బ్యాంకు చెక్కు మీద ఆయన సంతకం చెల్లుతుంది. బ్యాంకు ఆయన్నే పలకరిస్తుంది, ఆయనకే డబ్బు లెక్కపెట్టి ఇస్తుంది. అంతమాత్రాన మీ జకాత్ ఆయనది అయిపోయిందా? ఆయన ఇంటికి స్లాబు వేయించుకుంటే మీరు ఊరుకుంటారా? (సభలో నవ్వులు. కోశాధికారి గారు నన్ను క్షమించాలి.) నామినీ కూడా అంతే. బ్యాంకు డబ్బు ఎవరి చేతిలో పెట్టి తన బాధ్యత దించుకోవాలో ఆ చెయ్యి. ఆ చేతిలోంచి డబ్బు ఎక్కడికి పోవాలన్నది వారసత్వం చెబుతుంది, బ్యాంకు చెప్పదు.

ఇది నా సొంత తీర్పు కాదు. 1983 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు సర్బతీ దేవి కేసులో ఇదే చెప్పింది. ఒకాయన జీవిత బీమాకు భార్యను నామినీగా రాసి చనిపోయాడు. తల్లి, కొడుకు మాకూ వాటా ఉందన్నారు. నామినీ డబ్బు అందుకోవడానికి మాత్రమే, వారసులు తమ చట్టం ప్రకారం వాటా అడగవచ్చు అంది కోర్టు. బ్యాంకు ఖాతాల విషయంలో 2010లో, కంపెనీ షేర్ల విషయంలో 2023 డిసెంబర్‌లో మళ్లీ అదే మాట చెప్పింది. ఒక్క జీవిత బీమాలో మాత్రం 2015లో చట్టం మారింది. తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే ఆ సొమ్ము వారికే చెందేలా కొత్త నిబంధన పెట్టారు. అది వారసత్వ చట్టాన్ని దాటుతుందా లేదా అని హైకోర్టుల్లో వాదనలు నడిచాయి. కాబట్టి బీమా డబ్బు దగ్గర తగాదా వస్తే ఇంగ్లీషు టీచర్ని అడగొద్దు, ఒక మంచి వకీలునూ ఒక ఆలింనూ ఇద్దరినీ అడగండి.

ఇప్పుడు మళ్లీ మా మెకానిక్ ఇంటికి రండి. లెక్క చూడండి, ఎందుకంటే లెక్క చూస్తేనే తప్పు ఎంత పెద్దదో తెలుస్తుంది. వాటాలు సూరా నిసాలో ఉన్నాయి. ముందు కఫన్ దఫన్ ఖర్చు, తర్వాత అప్పులు, అందులో ఇవ్వని మెహర్ కూడా అప్పే, తర్వాత వసియ్యత్ ఉంటే మూడో వంతు దాటకుండా. అవి పోగా మిగిలినదే పంపకానికి. ఆయనకు అప్పుల్లేవు, మెహర్ ఇచ్చేశాడు, వసియ్యత్ లేదు. ఇంట్లో భార్య, ముసలి తల్లి, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు. తండ్రి ముందే పోయాడు. తొంభై ఆరు వేలలో భార్యకు ఎనిమిదో వంతు, 12,000. తల్లికి ఆరో వంతు, 16,000. మిగిలిన 68,000లో కొడుకుకు రెండు పాళ్లు, ఒక్కో కూతురుకు ఒక పాలు. కొడుకుకు 34,000, కూతుళ్లకు 17,000 చొప్పున.

అన్నకు ఎంత? సున్నా. కొడుకు ఉండగా అన్నదమ్ములకు వాటా లేదు. అంటే మొత్తం డబ్బు తీసుకున్న మనిషే, ఇంట్లో పైసా హక్కు లేని మనిషి. నామినీ అవ్వడానికి ఆయనకు ఏ అడ్డూ లేదు, అది కూడా గుర్తుంచుకోండి. వాటా లేనివాణ్ని అమానత్‌దార్‌గా పెట్టడం తప్పు కాదు. ఒక్కోసారి అదే మంచిది. తప్పు ఆయన్ను ఎన్నుకోవడంలో లేదు, నేను చెప్పిన మాటలో ఉంది.

నేను, మసీదు పెద్దలు ఇద్దరు, ఊరి వకీలు ఒకరు కలిసి ఆయన ఇంటికి పోయాం. నేను తప్పు చెప్పానని ఆయన ముందే ఒప్పుకున్నాను. ఆయన చాలాసేపు పైన స్లాబు వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత, "అయితే నా నెత్తి మీద యతీముల సొమ్ము ఉందన్నమాట" అన్నాడు. నాలుగేళ్లలో, పంటకింత అని, అరవై వేల దాకా తిరిగి ఇచ్చాడు. మిగతాది ఇవ్వకముందే ఆయనా మంచాన పడ్డాడు. భాభీ మాఫ్ చేసింది, తన వాటా వరకు. పిల్లల వాటా మాఫ్ చేసే హక్కు తల్లికి కూడా లేదని అప్పుడే నాకు తెలిసింది. ఈలోగా పెద్దమ్మాయి పదో తరగతితో బడి మానేసింది. లెక్కల్లో చురుకైన పిల్ల. ఆ పదిహేడు వేలు సమయానికి చేతికి వచ్చి ఉంటే ఇంటర్ ఫీజు, హాస్టలు గడిచేవి. ఈ సొసైటీ అప్పట్లో ఆ ఇంటికి రెండేళ్లు రేషన్ ఇచ్చింది. అల్లాహ్ మీకు ప్రతిఫలం ఇవ్వాలి. కానీ ఆలోచించండి, మీరు ఇచ్చిన ఆ రేషన్‌లో కొంత భాగం నా ఒక్క తప్పు మాటను పూడ్చడానికి పోయింది.

అందుకే దాతల ముందు ఈ మాట తెచ్చాను. ఒక వితంతువుకు నెలకు వెయ్యి రూపాయలు ఇవ్వడం గొప్పే. ఆమె భర్త బతికి ఉండగానే ఆయన పాస్‌బుక్ ఒకసారి చదివిపెట్టడం కూడా అంతే అవసరం, దానికి డబ్బు కూడా అక్కర్లేదు.

2016లో మూడు జిల్లాలు ఏర్పడ్డాక ఆఫీసులు దగ్గరయ్యాయి, ఫారాలు పెరిగాయి. రైతుబీమా చూడండి. 2018 ఆగస్టు నుంచి పట్టా ఉండి 18 నుంచి 59 ఏళ్ల లోపు ఉన్న రైతు చనిపోతే ఐదు లక్షలు నామినీ ఖాతాలో పడాలని పెట్టిన పథకం. గద్వాల వైపు విత్తనపత్తి వేసేవాళ్లు, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు వేరుశనగ వేసేవాళ్లు, మనవాళ్లలో ఎకరం రెండెకరాలు ఉన్నవాళ్లు ఎందరో. నామినీగా తల్లిని రాసి, తల్లి పోయాక పేరు మార్చుకోని ఇళ్లు నేనే చూశాను. వ్యవసాయ విస్తరణాధికారి దగ్గర ఉన్న పేరు, ఆధార్‌లో పేరు ఒకటేనా చూసుకోండి. మన ఆడవాళ్ల పేర్లు ఒక కాగితంలో బీ, ఇంకో కాగితంలో బేగం, మరో చోట బీబీ. ఆ ఒక్క అక్షరం దగ్గర డబ్బు నెలలు ఆగుతుంది.

బ్యాంకుల్లో 2025 నవంబర్ 1 నుంచి ఒక మంచి మార్పు వచ్చింది. డిపాజిట్‌కు ఒకరే కాదు, నలుగురి దాకా నామినీలను రాయవచ్చు, ఎవరికి ఎంత శాతమో కూడా. భార్య, తల్లి, పిల్లలు అందరి పేర్లూ రాస్తే కనీసం ఇలాంటి డబ్బు ఒకటి ఉందని అందరికీ తెలుస్తుంది. చిన్నపిల్ల పేరు రాస్తే, ఆ పిల్లకు పద్దెనిమిది నిండేదాకా డబ్బు అందుకునే పెద్దమనిషి పేరు కూడా ఫారం అడుగుతుంది, ఆ గడి ఖాళీగా వదలకండి. ఒకరికి నిజంగా ఆస్తి ఇచ్చేయాలనే ఉంటే నామినీ గడి దానికి దారి కాదు. బతికుండగా హిబా చేసి చేతికి అప్పగించండి, లేదా మూడో వంతులోపు వసియ్యత్ రాయండి. తెలుగులో దాన్నే వీలునామా అంటారు. ఆ మాట చూశారా? 'వీలు' ఇంగ్లీషు 'విల్', 'నామా' ఫార్సీ. ఇంగ్లీషూ ఫార్సీ కలిసి తెలుగింట్లో కాపురం పెట్టాయి. అయితే పిల్లలూ, ఒక జాగ్రత్త. ఈ నామా అంటే పేరు కాదు, రాసిన పత్రం. రాజీనామాలో ఉన్నదీ అదే. 

మాట్లాడుతుంటే ఒక చెల్లెలు చీటీ పంపింది. "ఇంత గొడవ ఉంటే నామినీ రాయకుండా వదిలేస్తే పోదా, ఆపా?" అని. పోదు చెల్లీ. నామినీ లేకపోతే బ్యాంకు ఎవరి చేతిలో పెట్టాలో తెలియక డబ్బు ఆపుతుంది. తహసీల్ ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తెమ్మంటారు, అందరూ వచ్చి సంతకాలు పెట్టమంటారు, సొమ్ము పెద్దదైతే కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ అడుగుతారు. ఇద్దత్‌లో ఉన్న ఆడమనిషి ఈ తిరుగుడు ఎలా తిరుగుతుంది? నామినీ రాయండి, తప్పకుండా రాయండి. రాసిన రోజే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, "ఇది ఈయన చేతికి వస్తుంది, మనందరికీ వాటాల ప్రకారం పంచుతాడు" అని వినిపించండి. నామినీని కూడా ఆ చాప మీదే కూర్చోబెట్టండి.

ఆ భాభీ ఇప్పటికీ మా వీధిలోనే ఉంది. ఒక్కసారి కూడా నన్ను ఒక మాట అనలేదు. పోయిన ఏడాది చిన్నకూతురు పేరు మీద పోస్టాఫీసులో కొంత డబ్బు వేస్తూ ఫారం పట్టుకొచ్చింది. నేను కళ్లజోడు పెట్టుకుని, పొయ్యి ఆపి, కూర్చుని రాశాను. నామినీ గడి దగ్గర ఆగి తలెత్తి చూశాను. ఆమె నా కన్నా ముందే అంది, "ఇక్కడ అమానత్‌దార్ పేరు రాయాలి కదా ఆపా? పెద్దమ్మాయి పేరు రాయి. లెక్కలు దానికే బాగా వచ్చు."